సంక్రాంతి నుంచి వెనక్కి లెక్కపెట్టండి

తోటపని మీద వచ్చే పుస్తకాల్లో చాలామట్టుకు చలిదేశాల వాళ్లు రాసినవే. వాటిలో చలికాలం అంటే తోటకు తాళం పడే కాలం. మొక్కల మొదళ్లకు గడ్డి కప్పాలి, దుంపలు తవ్వి ఇంట్లో దాచాలి, పనిముట్లు తుడిచి అటకెక్కించాలి. ఇవి చదివి మన మిద్దె మీద కూడా నవంబరులో చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. మన పెరళ్లకు అసలైన కాపు కాలం అదే. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు టమాటా పూత రాలిపోతుంది, కొత్తిమీర మొలిచినట్టే మొలిచి మాడిపోతుంది. వానాకాలంలో మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ పురుగూ తెగులూ అంతకంటే ఏపుగా పెరుగుతాయి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా ఉన్న ఆ మూడున్నర నెలలే మొక్కా మనిషీ ఇద్దరూ సుఖపడే రోజులు.

కాబట్టి ఈ అధ్యాయంలో చలి నుంచి తోటను కాపాడుకోవడం గురించి చెప్పేది కొంచెమే. ఎక్కువ భాగం చోటు ఖాళీ చేయడం గురించి. చలికాలపు కాపు ఎంత వస్తుందన్నది చలికాలంలో తేలదు. వినాయక చవితికీ దీపావళికీ మధ్య మీరు ఏం తీసేశారు, ఏ కుండీని ఎక్కడికి జరిపారు, నారు ఏ వారం పోశారు అన్న మూడు విషయాల మీదే తేలిపోతుంది. డిసెంబరులో చలి మొదలయ్యాక ఉత్సాహం పుట్టి నర్సరీకి పరుగెత్తే వాళ్లకు అక్కడ ముదిరిపోయిన నారు దొరుకుతుంది. దానికి ఎంత ఎరువు వేసినా జరిగిపోయిన నెల తిరిగి రాదు.

ముందు పండుగ, తర్వాత విత్తనం

లెక్క సంక్రాంతి దగ్గర మొదలుపెట్టండి. జనవరి 14ను క్యాలెండరులో గుర్తుపెట్టుకుని వెనక్కి నడవండి. క్యాబేజీ నాటాక గడ్డ కట్టడానికి 70 నుంచి 80 రోజులు. దానికి ముందు నారు దశ 25 నుంచి 30 రోజులు. మొత్తం కలిపితే నూరు రోజులకు అటూ ఇటూగా అవుతుంది, అంటే అక్టోబరు మొదటి వారానికల్లా నారు పోసేయాలి. మన రైతుల లెక్కలో ఇది హస్త కార్తె. టమాటా నారుకు అక్టోబరు నడిమి దాకా గడువుంది, అది చిత్త కార్తె. క్యారెట్‌కు 90 రోజులు పడుతుంది, దాన్నీ చిత్తలోనే విత్తాలి. బఠాణీ రెండు నెలల్లో కోతకు వస్తుంది కాబట్టి నవంబరు మొదటి పక్షం చాలు. ముల్లంగి నలభై అయిదు రోజుల పంట, నవంబరు నెలాఖరు దాకా తొందరేమీ లేదు. మెంతికూర, పాలకూర నెల పంటలు. డిసెంబరు నడిమిన చల్లినా పండుగకు అందుతాయి.

సంక్రాంతే ఎందుకంటే కొలతకు అది బాగా కుదురుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. ఫిబ్రవరి చివరికి మధ్యాహ్నపు ఎండ 35 డిగ్రీలను పలకరించడం మొదలుపెడుతుంది. అప్పటికి ముల్లంగి బెండు పడుతుంది, కొత్తిమీర పూతకొచ్చేస్తుంది, కాలీఫ్లవర్ పువ్వు విచ్చుకుపోతుంది. పండుగకు మొదటి కోత అందేలా వేసుకుంటే తర్వాత ఇంకో నెలపాటు నిదానంగా కోసుకోవడానికి వ్యవధి ఉంటుంది.

ఇది తెలంగాణ పీఠభూమికీ, కర్నూలు, అనంతపురం ప్రాంతాలకూ సరిపోయే లెక్క. కోస్తావాళ్లు కొంచెం సవరించుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసింది 2014 అక్టోబరు 12న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అందుకని కోస్తాలో నారును నేలమడిలో కాకుండా ట్రేలలో పోసుకోవడం మంచిది. తుపాను కబురు వినగానే ఎత్తి వరండాలో పెట్టుకోవచ్చు. పందిళ్ల తాళ్లు ముందే బిగించుకుని, పిట్టగోడ మీది కుండీలను కిందికి దించేయండి. గాలికి కుండీ పోతే పోయింది, కింద నడిచే మనిషి మీద పడితే అది వేరే సంగతి. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు నవంబరంతా పడుతూనే ఉంటాయి కాబట్టి అక్కడ ఆకుకూరలు నవంబరులో చల్లితే కుళ్లిపోతాయి. డిసెంబరు దాకా ఓపిక పట్టాల్సిందే.

పీకేయడం

అన్నిటికంటే కష్టమైన పని ఇది. చేతులకు కాదు, మనసుకు.

సెప్టెంబరు చివరికి మీ బెండ మొక్క ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మనిషెత్తు పెరిగి, కింద అంతా బోడిగా, కొసన నాలుగు పసుపుపచ్చని ఆకులూ ఒక గిడసబారిన కాయా. బీరతీగ ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు. తోటకూర గింజ కట్టేసింది. కాకర పైపైన పచ్చగానే ఉంది గానీ పూసే పూలన్నీ మగవే. అయినా పీకబోతే ఇంట్లో ఎవరో ఒకరు అడ్డు వస్తారు. "ఇంకో రెండు కాయలు కాస్తుందేమో, ఉంచరాదూ" అంటారు. ఆ రెండు కాయలు నవంబరు నడిమికి వస్తాయి. అప్పటికి ఆ బకెట్‌లో నాటాల్సిన క్యాబేజీ నారు ట్రేలోనే సాగిపోయి పనికిరాకుండా పోతుంది. రెండు బెండకాయల కోసం చలికాలపు చోటు అంతా తాకట్టు పెట్టినట్టే. నష్టం కంటికి కనబడదు కాబట్టి ఏటా అదే పని చేస్తాం.

ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు పీకేయడం మేలు. సద్దుల బతుకమ్మ మర్నాడో, విజయదశమి తర్వాతి ఆదివారమో, మీ ఇష్టం. మొక్కను చూసి నిర్ణయిద్దామనుకుంటే ఏ మొక్కా తనను తీసేయమని చెప్పదు. తేదీని చూసి తీసేయాలి.

అన్నిటినీ పీకమని కాదు. వంగ, మిరప ముదిరినా మొద్దు బలంగా ఉంటే మోకాలెత్తు వదిలి పైదంతా కత్తిరించండి. రెండు గుప్పిళ్ల మాగిన ఎరువు వేసి మట్టి గుల్ల చేస్తే కొత్త చిగుళ్లు వేసి చలికాలమంతా కాస్తాయి. గోంగూర సంగతి వేరు. పగళ్లు కురచ కాగానే అది పూతకు పోయే మొక్క. అక్టోబరులో ఎంత గిల్లినా మళ్లీ ఆకు మీదికి మనసు తిప్పదు. ఒక్క మొక్కను విత్తనానికి వదిలి మిగిలినవి తీసేయండి. బీర, సొర తీగల మీద ముదిరిన కాయ ఒకటి విత్తనానికి కట్టి ఉంచుకున్నారా, దాన్ని తీగ మీదే ఎండనిచ్చి మిగతా తీగంతా తెంచవచ్చు.

పీకిన ప్రతి మొక్క వేళ్లూ చూడండి, ఇది చాలామంది చేయని పని. బెండ, వంగ, టమాటా వేళ్ల మీద పూసలు గుచ్చినట్టు బుడిపెలు కనిపిస్తే ఆ మట్టిలో నులిపురుగులున్నాయి. ఆకు వాడిపోతుంటే నీళ్లు చాలలేదనుకుని ఇన్నాళ్లూ పోస్తూ వచ్చారు. అసలు కారణం వేళ్లలో ఉంది. ఆ వేళ్లను కంపోస్టులో వేయకండి, బయట పడేయండి. ఆ మట్టిని పల్చగా పరిచి వారం రోజులు మంచి ఎండ తగలనివ్వండి. తర్వాత ఇరవై లీటర్ల బకెట్‌కు ఓ గుప్పెడు వేపపిండి కలిపి, ఈ సీజనుకు అందులో బంతి గానీ ఆకుకూర గానీ వేయండి. బంతి వేళ్లలో ఈ పురుగులకు గిట్టని పదార్థం ఉంటుంది. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం కాబట్టి వాటిని ఆ మట్టికి మళ్లీ చూపించవద్దు.

మట్టి, బరువు

వానాకాలం నాలుగు నెలల్లో కుండీలోని మట్టి అణగారిపోయి, సారం కిందికి కారిపోయి ఉంటుంది. బకెట్ అంచుకు నాలుగు వేళ్ల కిందికి దిగిపోవడం మీరూ గమనించే ఉంటారు. దాని మీద కొత్త ఎరువు పోసి సరిపెట్టుకుంటే సగం పనే అయినట్టు. టార్పాలిన్ మీద బోర్లించి, పాత వేళ్లు ఏరేసి, అడుగున ఉన్న రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి. చలికాలంలో కుండీ మొక్కలు చచ్చేది చలికి కాదు, నీళ్లు కిందికి దిగక వేళ్లు కుళ్లి. కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి నేలకు ఎత్తుగా ఉంచితే ఆ బాధ సగం పోతుంది.

పాత మట్టి రెండు పాళ్లకు మాగిన పశువుల ఎరువు గానీ వానపాముల ఎరువు గానీ ఒక పాలు కలపండి. మట్టి బంకగా ఉంటే కొబ్బరి పొట్టు కొంత. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి ఆ మొదటి నీళ్లు పారబోయాలి, అందులో ఉప్పు ఉంటుంది. ఎరువు మాగిందా లేదా అన్నది చేయి లోపలికి పెట్టి చూస్తే తెలుస్తుంది. వెచ్చగా తగిలినా, పేడ వాసన వచ్చినా ఇంకా పచ్చిదే. లావుపాటి తెల్లని పురుగులు వంకర తిరిగి పడుకుని కనిపిస్తే ఏరేయండి, వేళ్లు తినేవి అవే. పచ్చి ఎరువులో వేసిన క్యారెట్ రెండు మూడు కాళ్లతో చీలిపోయి వస్తుంది. క్యారెట్‌ను నారు పోసి నాటినా ఇదే తంతు. దాన్ని ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి.

మిద్దె మీద పెంచేవాళ్లు కొత్త మడులు కట్టించే ముందు ఒక లెక్క చూసుకోవాలి. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు భారం అన్నది మన దేశ ప్రమాణాల్లో ఇంజనీర్లు పట్టుకునే అంకె. అదే చదరపు మీటరులో అడుగు లోతు తడి నేలమట్టి పోస్తే దాదాపు 500 కిలోలు. అందుకే మిద్దె నడిమధ్య మడి కట్టడం తెలివైన పని కాదు. బరువైనవన్నీ కింద గోడ ఉన్న చోట, దూలాల మీదుగా పెట్టుకోవాలి. మధ్యలో ఆకుకూరలకు ఆరంగుళాల లోతు ట్రేలు చాలు. తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటి వాళ్ల కృషితో మిద్దెతోట అన్న మాట ఇంటింటికీ చేరింది. ఈ బరువు లెక్క మాత్రం ఇంకా అంతగా చేరలేదనిపిస్తుంది, కొన్ని మిద్దెల మీద కొలనులూ అరటి చెట్లూ చూస్తుంటే.

ఎండ ఎటు పోతుంది

సెప్టెంబరులో కుండీ పెట్టినచోట ఎండ దండిగా ఉందని మురిసిపోతాం. డిసెంబరు వచ్చేసరికి అదే చోట మధ్యాహ్నం కూడా నీడ. కుండీ కదల్లేదు, సూర్యుడు కదిలాడు. దక్షిణాయనం అని పంచాంగంలో చదువుతాం గానీ మన పిట్టగోడ మీద దాన్ని చూడం.

హైదరాబాదులో డిసెంబరు 22 ప్రాంతంలో నడి మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆదిలాబాదులో రెండు డిగ్రీలు తక్కువ, తిరుపతిలో నాలుగు డిగ్రీలు ఎక్కువ. దీన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. చేయి తిన్నగా ముందుకు చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి కంటికి పది డిగ్రీలు కప్పుతుంది. కుండీ పెట్టబోయే చోట గొంతుక్కూర్చుని, దక్షిణం వైపు తిరిగి, కంటి మట్టం నుంచి పిడికిలి మీద పిడికిలి అయిదు పేర్చండి. డిసెంబరు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉండేది అక్కడే. ఆ అయిదో పిడికిలి పైకి కూడా పక్కింటి గోడో, నీళ్ల ట్యాంకో, వేపకొమ్మో కనిపిస్తే ఆ చోటుకు చలికాలంలో మధ్యాహ్నపు ఎండ రాదు. తెలుగునేలలో ఎక్కడైనా ఈ అయిదు పిడికిళ్ల లెక్క పనిచేస్తుంది.

దీన్నిబట్టి దక్షిణం వైపు పిట్టగోడను ఆనుకుని ఉన్న వరుస చలికాలంలో పనికిరాని వరుస. మూడడుగుల గోడ అయితే నడి మధ్యాహ్నం కూడా రెండున్నర అడుగుల నీడ మిద్దె మీదికి పరుస్తుంది, పొద్దునా సాయంత్రం ఇంకా ఎక్కువ. వేసవిలో మాత్రం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు కాబట్టి అక్కడ మంచి ఎండే. అందుకే చాలామంది కుండీలను అక్కడే స్థిరపరుస్తారు. అక్టోబరులో వాటిని ఉత్తరపు గోడ వైపుకు మార్చండి, లేదా ఇనుప స్టాండు మీదికి ఎక్కించండి. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ లాంటివాటికి ఆరు గంటల ఎండ కావాలి. నీడ వరుసను పాలకూరకూ కొత్తిమీరకూ వదిలేయండి, మూడు నాలుగు గంటలతో అవి సర్దుకుంటాయి.

వెలుగుతో పాటు చీకటి కూడా కొన్నిటికి లెక్కే. చామంతి, నాటు చిక్కుడు, డిసెంబరాలు రాత్రి పొడవు పెరిగితే గానీ మొగ్గ తొడగవు. చామంతి కుండీ మీద వీధి దీపం తెల్లవార్లూ పడుతుంటే అది ఆకులు వేసుకుంటూనే ఉంటుంది, పూయదు. ఎరువు చాలలేదని నర్సరీవాడిని తిట్టుకునే ముందు కుండీని దీపానికి మరుగు చేసి చూడండి. నాటు చిక్కుడును ఆషాఢ శ్రావణాల్లోనే పెట్టి ఉండాలి. అప్పుడే తీగ బలంగా పాకి చలి మొదలయ్యేసరికి పందిరంతా పూస్తుంది. ఆ అదును తప్పిపోయినవాళ్లు బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొద చిక్కుళ్లు పెట్టుకోవచ్చు. వాటికి పగటి పొడవుతో పట్టింపు లేదు, పందిరీ అక్కర్లేదు.

ఏం వేయాలి, ఎంత వేయాలి

విత్తనాల ప్యాకెట్లు చవక. అదే వచ్చిన చిక్కు. పదిహేను రకాలు కొని తలా రెండు కుండీలకు పంచితే ఏ రోజూ ఏ కూరా కూరకు సరిపడా రాదు. రెండు వంకాయలు, అయిదు చిక్కుళ్లు, ఒక ముల్లంగి. కలగూర పులుసు రోజూ పెట్టుకోలేం కదా. ఇరవై కుండీల తోటకు అయిదు రకాలు చాలు.

ఆ అయిదింటిని ఎంచుకునేటప్పుడు రైతుబజారును గుర్తుపెట్టుకోండి. జనవరిలో అక్కడ టమాటా, క్యాబేజీ కారుచౌకగా వస్తాయి. పదిహేను లీటర్ల బకెట్‌లో మూడు నెలల పాటు ఒక కాలీఫ్లవర్‌ను సాకితే వచ్చేది ఒక్క పువ్వు. అదే బకెట్‌లో మెంతికూర మూడు విడతలు కోసుకోవచ్చు. కోసిన పది నిమిషాల్లో వండిన మెంతికూర ఏ బజారులోనూ దొరకదు. నా ఓటు ఆకుకూరలకు, బఠాణీకి, ఒక బంతి వరుసకు. టమాటా రెండు మూడు బకెట్లు, రుచి కోసం. కాలీఫ్లవర్ సరదా కోసం ఒకటి.

ఆ సరదా ఉన్నవాళ్లకు మాత్రం ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి, దుకాణంలో ఎవరూ చెప్పరు కనుక. కాలీఫ్లవర్ రకాన్ని బట్టి పువ్వు కట్టే చలి మారుతుంది. పూసా దీపాలి లాంటి తొలి రకాలు 20 నుంచి 27 డిగ్రీల దగ్గర పువ్వు కడతాయి. పూసా స్నోబాల్ లాంటి ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీలు కావాలి. విజయవాడలో స్నోబాల్ వేస్తే గాడిద చెవులంత ఆకులు వస్తాయి, పువ్వు రాదు. తొలి రకాన్ని ఆలస్యంగా డిసెంబరులో నాటితే మొక్క ఎదగకముందే చలి తగిలి బొత్తాం అంత పువ్వు వేసి ఆగిపోతుంది. ప్యాకెట్ మీద బొమ్మ రెండింటికీ ఒకటే. రకం పేరు చూసి కొనండి. పువ్వు నిమ్మకాయంత అయ్యాక దాని ఆకులనే పైకి మడిచి దారంతో కట్టేస్తే తెల్లగా ఉంటుంది.

ధనియాలను చల్లే ముందు చెప్పుతోనో అప్పడాల కర్రతోనో నెమ్మదిగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టాలి. పది రోజులకు గానీ మొలవవు కాబట్టి నాలుగో రోజే నిరాశపడి మట్టి కెలకవద్దు. మెంతులు మూడు రోజుల్లో పైకొస్తాయి. ఒకేసారి అంతా చల్లేయకుండా పది పదిహేను రోజులకోసారి ఒక ట్రే చొప్పున చల్లుకుంటూ పోతే ఫిబ్రవరి దాకా కొత్తిమీర కొనే పని ఉండదు. బఠాణీకి అర్కెల్ రకం బాగుంటుంది. గింజలు ఒక రాత్రి నానితే చాలు, పాకడానికి నాలుగు ఎండు కంప పుల్లలు గుచ్చండి.

బంతి గురించి ఒక మాట. అది బతుకమ్మకూ గొబ్బెమ్మలకూ మాత్రమే కాదు. టమాటా కాయను తొలిచే పురుగు బంతిపూల మీదే ముందు గుడ్లు పెడుతుంది. పొలంలో రైతులకు శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి. నాటేనాటికి టమాటా నారు 25 రోజులది, బంతి నారు అంతకంటే ముదురుది, 40 నుంచి 45 రోజులది కావాలి, రెండూ ఒకేసారి పూతకు రావడానికి. మిద్దె మీద మూడు టమాటాలకు ఒక బంతి పెట్టుకుని, దాని మొగ్గల్లో పురుగు కనిపించినప్పుడల్లా ఏరేస్తే చాలు.

నీళ్లు తగ్గించడం, కొన్నిటికి మానేయడం

అక్టోబరు నుంచి నీటి అలవాటు మార్చుకోవాలి. వేసవి చేతివాటం అలాగే సాగితే నారుకుళ్లు వస్తుంది, మొలక మొదట్లో నల్లబడి ఒరిగిపోతుంది. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. సాయంత్రం పోస్తే ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లకు ఆహ్వానం అవుతుంది కాబట్టి పొద్దున్నే, మొదట్లో పోయాలి.

పెరట్లో మామిడి ఉంటే నవంబరు నుంచి పూత వచ్చేదాకా దానికి నీళ్లు ఆపేయండి. తడి తగిలితే పూత బదులు చిగురు వేస్తుంది. మల్లెకూ అంతే. నవంబరు, డిసెంబరుల్లో ఎండగట్టి, ఆ తర్వాత కొమ్మలు కత్తిరించి ఎరువు వేసి తడి ఇస్తేనే వేసవిలో విరగబూస్తుంది. గులాబీని మాత్రం వానలు వెనక్కి తగ్గగానే అక్టోబరులో కత్తిరించాలి, నెలన్నరకు పూలు. కరివేపాకు చలికి ముడుచుకుని పెరుగుదల ఆపేస్తుంది. అది జబ్బు కాదు. ఎరువు దట్టించకండి, రెమ్మలు పొదుపుగా కోయండి.

కరివేపాకు అంటే అమెరికా తెలుగువాళ్ల తంటా గుర్తొస్తుంది. వాళ్లకు చలికాలం నిజంగానే తాళం వేసే కాలం. రాత్రి 10 డిగ్రీల కిందికి, వాళ్ల లెక్కలో 50 ఫారన్‌హీట్ కిందికి పడకముందే కుండీ ఇంట్లోకి రావాలి. ఒక్కసారిగా కాకుండా కొన్నాళ్లు వరండా నీడలో అలవాటు చేసి తేవాలి. లోపలికి వచ్చాక ఆకంతా రాలుస్తుంది. చచ్చిందని పారేయవద్దు. కొమ్మ మీద గోటితో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. దక్షిణపు కిటికీ దగ్గర పెట్టి, నీళ్లు బాగా తగ్గించి, వసంతం దాకా దాని మానాన దాన్ని వదిలేయడమే. కొత్త మొక్కను ఊరి నుంచి సూట్‌కేసులో తీసుకువెళ్దామంటే కుదరదు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే అక్కడి వ్యవసాయ శాఖ అడ్డుకుంటుంది.

పురుగులు, క్లుప్తంగా

చలికాలపు మొదటి అతిథి పేనుబంక. చిక్కుడు కొసల మీద, క్యాబేజీ ఆకుల అడుగున నల్లగానో ఆకుపచ్చగానో గుంపుగా పడుతుంది. ముందు పైపు నీళ్లతో గట్టిగా కొట్టండి, సగం రాలిపోతాయి. మిగిలినవాటికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ. మచ్చల ఎర్ర పురుగులు, అదే అక్షింతల పురుగులు తిరుగుతుంటే మాత్రం చేయి ఆపండి. వాటి పని అవి మనకంటే బాగా చేస్తాయి. క్యాబేజీ పక్కన గుప్పెడు ఆవాలు చల్లితే రెక్కల పురుగు ముందు ఆవమొక్కల మీదికే పోతుంది.

బూడిద తెగులుకు పుల్లటి మజ్జిగను పదింతల నీళ్లలో కలిపి కొట్టడం చాలా ఇళ్లలో చేస్తున్నదే. బఠాణీ మీద ఎక్కువగా ఉంటే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. దోస, బీర లాంటి తీగలకు గంధకం పడదు, ఆకు మాడుతుంది.

సంక్రాంతి దాటాక కుండీలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతాయి. క్యాబేజీ కోసిన బకెట్‌ను అలాగే వదిలేయకుండా జనవరి నెలాఖరుకల్లా సొర, దోస, బెండ గింజలు పెట్టేయండి, వేసవి కాపు దాంట్లోంచే రావాలి. చిక్కుడు పందిరిని రథసప్తమి దాకా ఉంచండి. రథానికి కాయలూ, పరమాన్నానికి ఆకులూ కావాలి. ఆ తర్వాత తీగను మొదలంటా కోసేయండి గానీ వేళ్లు పీకవద్దు. వేళ్ల బుడిపెల్లో చిక్కుడు పోగుచేసిన నత్రజని మట్టిలోనే ఉండిపోతుంది, అదే పాదులో బెండ గింజలు నాటుకోవచ్చు.